కంచుచేతి జానెడు

నీలధార రాజ్యపు తూర్పుద్వారం దగ్గర, మొసళ్ళ కందకం గట్టున, చేతులు కట్టించుకుని నిలబడ్డ తిప్పనకు మోకాళ్ళు వణికాయి. పన్నెండేళ్ళుగా అతను మణిశృంగ రాజ్యపు దక్షిణద్వారంలో కత్తులు కొలిచే అధికారి. ఎంతమందిని ఇలాగే ఎదురుగా నిలబెట్టి గద్దించాడో లెక్కలేదు. వాళ్ళ మోకాళ్ళు ఎందుకు వణికేవో ఆనాడు అతనికి అర్థమయ్యేది కాదు. ఇప్పుడు బాగా అర్థమైంది. ఈ బుద్ధేదో మూడు నెలల కిందట వచ్చి ఉంటే, పరాయి రాజ్యంలో మొసళ్ళకు మేత కావలసిన అవసరమే ఉండేది కాదు.

ఆ కందకం వైభవం మాత్రం చెప్పి తీరాలి. నల్లరాతి గట్లు, వాటి మీద వరుసగా పాలరాతి హంసలు, నీళ్ళ నిండా అరచేయంత రేకులున్న నీలికలువలు. ఆ కలువల మధ్య తాటిమానంత మొసళ్ళు ముక్కులకు వెండి కడియాలు పెట్టుకుని, పెళ్ళివిందుకు వచ్చిన చుట్టాల్లాగా తీరిగ్గా తిరుగుతున్నాయి. గట్టుకు ఇటు పక్క నీలధార ప్రజలు గుంపుగా మూగారు. ఆడా మగా అందరి నడుములకూ కత్తులు తళతళలాడుతున్నాయి.

“పరదేశీ!” అన్నాడు కోటపాలకుడు వజ్రకీర్తి, బుగ్గమీసాలు దువ్వుకుంటూ. “అరటిబోదెలో కత్తి దాచి మా నగరంలోకి తెచ్చింది నువ్వేనా?”

“నేనే ప్రభూ.”

“నీలధారలో ఎవరైనా ఎంత కత్తైనా పెట్టుకోవచ్చు. మూరెడైనా సరే, బారెడైనా సరే. కాని అది నలుగురికీ కనబడాలి. కత్తి దాచినవాడు ఎవరి ప్రాణమో తీయడానికే దాచాడని మా చట్టం. ఆ సంగతి తెలియదా నీకు?”

తిప్పనకు తెలియకేం? చుట్టుపక్కల ఏడు రాజ్యాల కత్తి చట్టాలూ అతనికి కంఠపాఠం. సొంత రాజ్యం దాటడానికి కత్తిని అరటిబోదెలో దూర్చాడు. సరిహద్దు దాటగానే బయటికి తీసి నడుముకు కట్టుకోవాలని కూడా అనుకున్నాడు. తీరా ద్వారం దగ్గర అధికారి దుస్తులు కంటబడేసరికి చెయ్యి కదల్లేదు. అధికారి ముందు జానెడు దాటిన కత్తి బయటపెట్టడమంటే మణిశృంగంలో పుట్టినవాడికి బట్టలిప్పి నిలబడటంతో సమానం.

“మొదట్నించీ చెప్తానే ఉండాను, బయటికి తియ్యి దొరగారూ, తియ్యి దొరగారూ అని,” అంది వెనకనుంచి ఈరమ్మ. ఆమె తన చిన్నకత్తిని రవికె ముడి దగ్గర అందరికీ కనబడేలా వేలాడదీసుకుని, తలెత్తుకుని నిలబడి ఉంది. “ఆయన ఇంటే గదా!”

ఈరమ్మ గంగులు భార్య. గంగులు కల్లు కోసం తాటిచెట్లు గీసే మనిషి, తిప్పనకు ఒకే వీధిలో కలిసి పెరిగిన నేస్తం. ఒకప్పుడు ఈరమ్మ తిప్పనను నోరారా అన్నా అని పిలిచేది. మూడు నెలలనుంచి దొరగారూ అంటోంది. ఆ పిలుపు విన్న ప్రతిసారీ తిప్పన గుండెలో ముల్లు గుచ్చుకుంటుంది.

అసలు జరిగినదేమిటంటే, మణిశృంగంలో ప్రజలెవరూ ఏలికగారి జానెడుకు మించిన కత్తి దగ్గర ఉంచుకోకూడదు. వెనకటి రాజు గజబాహుడు పేరుకు తగ్గట్టే ఏనుగంత మనిషి. ఆయన చేతిని వేళ్ళు చాచినట్టుగా కంచులో పోతపోసి ప్రతి ద్వారంలోనూ నిలిపారు. దాని మీద గీతకత్తులు, కొబ్బరికత్తులు, మేకలకు రొట్ట కొట్టే కత్తులు అన్నీ హాయిగా ఇమిడిపోయేవి. ఆయన పోయాక కూతురు హేమలేఖ సింహాసనం ఎక్కింది. ఆ తల్లి చెయ్యి చూస్తే పన్నెండేళ్ళ పిల్ల చెయ్యే. చట్టంలో ఒక్క అక్షరం మార్చలేదు, కంచుచేతిని మాత్రం మార్చారు. ఆ ఉదయం రాజ్యంలో సగం ఇళ్ళవాళ్ళు నిద్ర లేచేసరికి నేరస్థులైపోయారు.

మిగతా ద్వారాల్లో అధికారులు కత్తిని కాస్త వాలుగా పెట్టి, కళ్ళు చికిలించి, సరిపోయిందిలే పొమ్మనేవారు. తిప్పన మాత్రం నిటారుగానే పెట్టి కొలిచాడు. అదే నిజాయితీ అనుకున్నాడు. గంగులు గీతకత్తి రాణిగారి జానెడుకు రెండు వడ్లగింజలంత ఎక్కువ వచ్చింది.

“ఏంది తిప్పన్నా, రెండు గింజలకేనా! ఇది మా నాయన కత్తి,” అన్నాడు గంగులు నవ్వుతూ.

“నిన్ను వదిలితే రేపు ఊరంతా వదలమంటారు,” అని తిప్పన కత్తి లాక్కుని కొట్లో పడేశాడు. గంగులు నవ్వు ఆగిపోయింది. మరో మాట అనకుండా, ఇంట్లో కూరలు తరిగే కత్తి ఒకటి చేతబట్టుకుని దక్షిణారణ్యంలోకి పనికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

మూడు నెలలు కావస్తుండగా తేనె పట్టేవాడొకడు పరుగున వచ్చి కబురు చెప్పాడు. దక్షిణారణ్యానికి అవతల, ఏ రాజుకూ చెందని లోయలో వల్లీకంఠుడనే మాంత్రికుడు తీగల పందిరి పెంచుతున్నాడు. ఆ పందిరికి గుంజలు మనుషులు. దారిన పోయేవాళ్ళను తీగ చుట్టి లాక్కుపోతుంది. నిలబెట్టిన చోట కాళ్ళనుంచి పైకి కొయ్యబారిపోతారు. తీగ మొదలును ఒక్క వేటుతో తెగ్గొడితే మనిషి బతుకుతాడు. వేటు సగంలో ఆగిందా, తీగ రెట్టింపై మరింత బిగుస్తుంది. తేనెవాడు తన జానెడులోపు కత్తితో ఒక వేటు వేసి చూశాడు, సగంలోనే ఆగింది. వచ్చే అమావాస్యకు పందిరి పూస్తుంది. పూసిందంటే గుంజలన్నీ శాశ్వతంగా కొయ్యలే.

ఆ మాట విన్న మరుక్షణమే తిప్పన కొట్లోంచి గంగులు కత్తి తీసి, తీగ పొంచి ఉన్న అడవిదారి మాని, నీలధార మీదుగా ఈరమ్మ వెంట బయల్దేరాడు. ఇంతదూరం వచ్చి, ఇదిగో, కందకం గట్టున నిలబడ్డాడు.

“చట్టప్రకారం,” వజ్రకీర్తి చెయ్యెత్తాడు, “దాచిన కత్తిని మెడలో అందరికీ కనబడేలా వేలాడదీయండి. దాచిన సాధనాన్ని కూడా వాడితోపాటే తోసేయండి!”

భటులు మెడలో కత్తి తగిలించారు. చేతుల్లో అరటిబోదె కుక్కారు. ఒక్క తోపు!

తిప్పన కలువల్లో బుడుంగున మునిగి తేలాడు. తేలేసరికి ఎదురుగా ఒక మొసలి నోరు తెరిచి ఉంది. ఆలోచించే వ్యవధి ఎక్కడిది? కట్టిన చేతులతోనే అరటిబోదెను దాని గొంతులోకి అడ్డంగా నెట్టేశాడు. పీచు పళ్ళకు చుట్టుకుని ఆ మొసలి గిరగిరా తిరగసాగింది. రెండోది పక్కనుంచి వచ్చింది. తిప్పన మెడలోని కత్తిపిడిని పళ్ళతో పట్టి, మణికట్ల తాళ్ళు కత్తి అంచు మీద రుద్ది పుటుక్కున తెంపుకున్నాడు. మొసలి మూతి మీద కాలుపెట్టి, దాని వెండి కడియం పట్టుకుని వీపు మీదికి ఎగిరాడు. అది నీళ్ళు చిమ్ముకుంటూ బాణంలా అవతలి గట్టుకు దూసుకుపోయింది.

“పట్టుకో!” అంటూ ఈరమ్మ వంతెన మీదనుంచి పరుగెత్తి, తాటిచెట్లెక్కే మోకు విసిరింది. తిప్పన దాన్ని అందుకుని గట్టెక్కేసరికి మూడో మొసలి పళ్ళు అతని కాలిచెప్పును ఊడబీక్కుపోయాయి.

గుంపంతా హాహాకారాలు చేసింది. వజ్రకీర్తి మాత్రం చెక్కు చెదరలేదు. “శిక్ష అమలైంది. దోషి బతికాడు. కత్తి కూడా కనబడుతూనే ఉంది. ఇక నువ్వు వెళ్ళవచ్చు,” అని గట్టిగా ప్రకటించి, మర్యాదగా నమస్కారం పెట్టాడు.

నీలధార దాటడానికి రెండు రోజులు పట్టింది. తిప్పన కత్తి నడుముకు వేలాడుతూనే ఉంది, ఎవరూ అతన్ని తేరిపార చూడలేదు. సంతలో ఇద్దరు గొడవపడి, ఒకరి నడుము కత్తి ఒకరు చూసుకుని, గొంతు తగ్గించుకుని ఎవరిదారిన వాళ్ళు పోవడం కూడా చూశాడు.

“చూసినావా దొరగారూ,” అంది ఈరమ్మ. “ఇక్కడ కూడా చట్టమే. మనదీ చట్టమే. మా ఆయన ఇక్కడ పుట్టుంటే బతికిపోయేవాడు.”

చట్టం ఎక్కడైనా ఒకటి ఉండాలి, కాదనేవాళ్ళు లేరు. కాని చేతిలో ఉన్న కత్తితో పాటు ఆ కత్తి పట్టుకున్న చేతిని కూడా ఒకసారి చూసి ఉండాల్సింది, అనుకున్నాడు తిప్పన.

మూడోనాడు పొద్దున వాళ్ళు లోయ ముఖద్వారానికి చేరారు. ఇద్దరూ కల్లమ్మేవాళ్ళ వేషం వేసుకున్నారు. అధికారిగా పన్నెండేళ్ళు కూర్చుని బతికిన తిప్పనకు కావడి మోయడం రాదు. అడుగడుక్కీ కుండలు తొణికి మోకాళ్ళ దాకా కల్లు కారుతోంది. కత్తి ఒక కుండ అడుగున ఉంది.

ద్వారంలో లోహఘ్రాణి అనే భూతం కాపలా. దానికి కళ్ళు లేవు. ముఖమంతా ముక్కే, ఒక్కో రంధ్రం దిగుడుబావంత. అది ఘుస్సున పీల్చేసరికి ఈరమ్మ కొంగు ఊడొచ్చినంత పనైంది.

“ఇనుము... ఇనుము వాసన! ఈ లోయలోకి ఇనుము రాకూడదు. మా స్వామి కట్టడి!”

“ఇనుమెక్కడిది నాయనా, ఇది కల్లు,” అంది ఈరమ్మ తొణక్కుండా. “నీ కోసరమే తెచ్చినాం. దగ్గరికొచ్చి వాసన చూడు. ఇంకా దగ్గరికి.”

భూతం వంగి, కుండ మీద ముక్కు పెట్టి ఆబగా పీల్చింది. అది మూడు రోజులు ఎండలో పులిసిన కల్లు. భూతం ఒక్కసారిగా తుమ్మింది. కొండచరియ విరిగిపడింది. మళ్ళీ తుమ్మింది, చెట్లు వేళ్ళతో లేచిపోయాయి. ముక్కు దిబ్బడేసి, ఏ వాసనా తెలియక, భూతం ఏడుపుగొంతుతో అటూ ఇటూ తడుముకుంటుంటే, వాళ్ళిద్దరూ దాని కాళ్ళ సందునుంచి లోపలికి దూరిపోయారు.

లోపల పందిరిని చూసి ఇద్దరూ నోళ్ళు తెరిచి నిలబడ్డారు.

ఎంత అందమైన పందిరి అది! తీగలు పచ్చలు పొదిగినట్టున్నాయి. ఆకు ఆకుకూ వెండి అంచు. పైన వేలాడే ఊదారంగు మొగ్గలు దీపపు సెమ్మెల్లా వెలుగుతున్నాయి. గాలి వీస్తే పందిరంతా గజ్జెల చప్పుడు చేస్తోంది. కింద ఇసుక మీద నెమళ్ళు ఆడుతున్నాయి. ఆ సౌందర్యాన్నంతా తలల మీద మోస్తూ నలభై గుంజలు. గుంజలకు కళ్ళున్నాయి. ఆ కళ్ళు తిప్పన వైపు తిరిగాయి.

“మాంత్రికుడు ఏట్లో స్నానానికి పొయినాడు,” ఒక గుంజ పెదవులు కదిలాయి. నడివయసు ఆడమనిషి, కంఠం దాకా కొయ్యే. “నీడ పాదాల కిందికి వచ్చేసరికి తిరిగొస్తాడు. నన్ను గుర్తుపట్టినావా అయ్యా?”

తిప్పన ఎంత చూసినా ముఖం గుర్తుకు రాలేదు. “ఎవరమ్మా నువ్వు?”

“మేదరిదాన్ని. వెదురు చీల్చే కత్తి...”

“పిడికి ఎర్రగుడ్డ చుట్టి ఉంటుంది,” అన్నాడు తిప్పన. “మొన కొంచెం ఎడమకు వంగి ఉంటుంది.”

“అదే. నువ్వే తీసుకున్నావు.”

“నాది రొట్ట కొట్టే కత్తి,” అంది పక్క గుంజ.

“పిడి దగ్గర అంచు పెచ్చూడింది. కార్తీకమాసంలో తీసుకున్నాను.”

“మాది చేపల కత్తి దొరా...”

తిప్పన ఒక్కో గుంజ దగ్గరికీ వెళ్ళాడు. ఏ ముఖమూ గుర్తుకు రాలేదు, ఏ కత్తినీ మరిచిపోలేదు. నలభైమందిలో ముప్పై ఒక్కరు అతని ద్వారంలోంచి ఉత్త చేతులతో బయటికి నడిచినవాళ్ళే. అతను ఇసుకలో కూలబడ్డాడు.

“తప్పు చేశాను,” అన్నాడు. “ఈ పందిరి వేసింది మాంత్రికుడు కాదు. గుంజలు పాతింది నేను.”

ఎవరూ తిట్టలేదు. క్షమించామని కూడా ఎవరూ అనలేదు.

“ఇటొచ్చెయ్యి! ఈడుండాడు!” ఈరమ్మ కేక పెట్టింది.

పందిరి మధ్యగుంజ గంగులు. రొమ్ము దాకా బెరడు కట్టేసింది. ఈరమ్మ అతని పాదాలు పట్టుకుని ఏడుస్తుంటే చేతులకు పేళ్ళు గుచ్చుకుంటున్నాయి. గంగులు ఆమెను చూసి, తర్వాత తిప్పనను చూశాడు.

“వచ్చినావా,” అన్నాడు. అంతే. కోపంగా అని ఉంటే తిప్పనకు కొంత తేలికయ్యేది.

“నీ కత్తి తెచ్చాను. ఒక్క వేటుతో తెగ్గొడతా, కదలకు.”

“వద్దు. కొట్టమాకు,” అన్నాడు గంగులు. “ఇది నట్టనడిమి గుంజ. నేను పక్కకి తప్పుకున్నానంటే పందిరి కూలి వీళ్ళందరి మెడలూ విరుగుతాయి. ఇంకొకటి. ఈ తీగ పాలు తగిలితే ఇనుము కరిగిపోద్ది. ఒక కత్తికి ఒక్క వేటే. ఉన్న ఒక్క పొడుగుకత్తితో ఒక్కణ్ణి విడిపించి, ముప్పై తొమ్మిదిమందిని చంపుతావా?”

ఈరమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. “అయితే గుంజ జాగాలో నేను నిలబడతా. నువ్వు బయటికి రా.”

“నోరు ముయ్యి. నీ చెల్లెలి పిల్లలు నీ మీదే గదా ఉండారు.”

తిప్పన నీడ వంక చూశాడు. అది పాదాలకు జానెడు దూరంలో ఉంది. అప్పటికే ఏటివైపునుంచి శంఖం మోగింది. అతను భుజం మీది కండువా తీసి నడుముకు బిగించి, గంగులు పక్కన నిలబడి, పందిరి నడిమి వాసానికి భుజం ఆనించాడు. వాసం బరువుకు వెన్ను కటకటలాడింది.

“ఏం చేస్తున్నావు?” అన్నాడు గంగులు.

“గుంజనవుతున్నా. ఈరమ్మా, కత్తి నువ్వే పట్టు. తాళ్ళు గీసే ఇంటిదానివి, నీ చెయ్యి నాకంటే గట్టిది. సగంలో ఆపకు.”

ఈరమ్మ ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. అడ్డు చెప్పలేదు. కత్తి రెండు చేతులా ఎత్తి, గంగులు మడమల వెనక తొడంత లావున్న తీగ మొదలు మీద వేటు వేసింది. తీగ చీలి, పాలు ఊటలా పైకి చిమ్మాయి. గంగులు తండ్రి కత్తి బెల్లంముక్కలా కరిగి, పిడి మాత్రం ఆమె చేతిలో మిగిలింది. గంగులు ఒంటిమీద బెరడు పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. అతను దబ్బున ఇసుకలో పడి, పుట్టిన బిడ్డలా గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

అదే క్షణంలో తెగిన తీగ పక్కనుంచి కొత్త కొస ఒకటి పాకి, తిప్పన చీలమండను చుట్టుకుంది. చల్లగా, తడిగా ఉంది. వేళ్ళు మొద్దుబారడం అతనికి తెలుస్తూనే ఉంది.

“వినండి,” అన్నాడు ఆయాసపడుతూ. మొలతాడునుంచి తాళంచెవి తెంపి ఈరమ్మ చేతిలో పెట్టాడు. “ద్వారం పక్క కొట్లో నేను లాక్కున్న కత్తులన్నీ ఉన్నాయి. సంక్రమణానికి గాని కొలిమికి పంపరు. మనిషికి ఒక కత్తి, ఒక మోపు వాసాలు. వాసాలు ముందు ఆనించి, తర్వాత తీగలు కొట్టాలి. నీలధారలో భయం లేదు, కనబడేలా మోసుకురండి. అమావాస్యకు ఇంకా తొమ్మిది రోజులుంది.”

“కొట్లోంచి తీస్తాం సరే,” అన్నాడు గంగులు, తూలుతూ లేచి నిలబడి. “మన ద్వారం దాటేదెట్టా? నీ జాగాలో ఇప్పుడెవరుండారు?”

తీగ తిప్పన మోకాలు దాటింది.

“పేరన,” అన్నాడతను. “నా కింద ఆరేళ్ళు పని చేశాడు.”

“నీ మాటగా చెప్తే వదలడా?”

“వదలడు. నా మాట మీదైనా సరే, నేను రాసిచ్చిన తాటాకు మీదైనా సరే, వడ్లగింజంత కూడా వదలొద్దని నేర్పింది నేనే.”

శంఖం ఈసారి దగ్గరలో మోగింది. నెమళ్ళు ఆట మాని చెట్లెక్కాయి. ఈరమ్మ భర్త రెక్క పట్టుకుని లాగింది. “దొరగారూ, తొందరగా చెప్పు. ఆయన మనసు ఎట్టా కరుగుద్ది? ఎప్పుడైనా, ఎవరినైనా వదిలినాడా?”

“ఒక్కసారి,” అన్నాడు తిప్పన. “కట్టెలు కొట్టుకునే ముసలాయన. దండం పెట్టి ఏడిస్తే పేరన కత్తి తిరిగి ఇచ్చేశాడు. ఆ సంగతి తెలిశాక, అందరి ముందూ పేరన చెంప పగలగొట్టాను. ఆ తర్వాత వాడు ఎవరినీ వదల్లేదు.”

వాళ్ళు పొదల్లోకి పరుగెత్తారు. అడవి ఆకులు కదిలి, మళ్ళీ సర్దుకున్నాయి. అటువైపు ఏటిబాట మీద వల్లీకంఠుడి పావుకోళ్ళ చప్పుడు టకటకమంటూ వస్తోంది. తిప్పన తల తిప్పగలిగినంత వరకు తిప్పి, పందిట్లో ఉన్న ముఖాలన్నీ ఒక్కొక్కటే వెతికాడు. జీవితంలో మొదటిసారి కత్తులు కాక ముఖాలు చూశాడు.

పేరన కత్తి తిరిగి ఇచ్చిన ఆ ముసలాయన వాటిలో లేడు.